కోత హక్కు

గడ్డి కోసే యంత్రాల్లో అన్నిటికన్నా చవకైనదే కొందామని పట్టుబట్టింది నేనే. "అదే కోస్తుంది, కోసింది అదే కంపెనీకి పంపేస్తుంది. మీకే పనీ ఉండదమ్మా," అన్నాడు షాపతను. ఇంత చవకగా ఎందుకిస్తున్నారని అడగాలని నాకు తోచలేదు.

వినాయక చవితి పొద్దున పూజకి గరిక తెంపబోతే యంత్రం గబగబా వచ్చి నా చేతికి అడ్డంగా నిలబడింది.

"ఈ పెరట్లో కోత హక్కు కంపెనీదండీ. దయచేసి చెయ్యి తీయండి."

"నేను నీళ్లు పోసి పెంచిన గడ్డి ఇది. నాకు చెప్పడానికి నువ్వెవతివే?"

"మీరు సంతకం చేసిన కాగితంలో ఉందండీ."

మా ఆయన భానుమూర్తి గుమ్మంలోంచి, "పండగ పూట దాంతో గొడవెందుకు? గరిక ఆర్డర్ పెట్టేశాను," అన్నారు.

పది నిమిషాల్లో ప్యాకెట్ వచ్చింది. మీద 'నిన్న కోసిన తాజా గరిక' అని రాసి ఉంది. దాని కింద, పెరిగిన చోటు అన్న దగ్గర మా ఇంటి నంబరు.

"దొంగసొత్తుతో దేవుడికి పూజేమిటండీ?" అని ప్యాకెట్ ఆయన చేతిలో పెట్టి, తిన్నగా వెళ్లి యంత్రం మీదే కూర్చున్నాను. "దయచేసి లేవండి," అంటూనే ఉంది పాపం. ఇరవై ఒక్క పోచలూ తెంపేదాకా లేవలేదు.