పూర్తి నమ్మకం

"మా కోచ్ మీద నాకు పూర్తి నమ్మకం ఉంది," అన్నాడు క్లబ్బు అధ్యక్షుడు, విలేకరులందరి ముందు, మైకులో.

పక్క కుర్చీలో కూర్చున్న కోచ్ గుండె గుభేలుమంది. ముఖాన ఉన్న నవ్వును మాత్రం అతి కష్టం మీద నిలబెట్టుకున్నాడు.

ఆ క్లబ్బులో తిట్లకు ఎవరూ భయపడరు. నీకు ఫుట్‌బాల్ ఏం తెలుసయ్యా అని అధ్యక్షుడు ఎగిరిపడ్డ రోజున కోచ్ ఇంటికెళ్లి కంటినిండా నిద్రపోయేవాడు. భయపడాల్సింది ఈ మాటకే. ఇంతకు ముందు పనిచేసిన ముగ్గురు కోచ్‌ల మీదా ఆయనకు ఇలాగే పూర్తి నమ్మకం కలిగింది. కలిగిన వారంలోపే ముగ్గురూ ఇంటిదారి పట్టారు. ఊళ్లో అత్తగార్లు కూడా కోడళ్ల దగ్గర ఆ మాట వాడటం మానేశారు.

నిజానికి జట్టు ఇంకా లీగ్‌లో మొదటి స్థానంలోనే ఉంది. నెల కిందట ఎవరికీ అందనంత పైన ఉండేది. వరసగా ఓడి ఓడి, వెనకున్న జట్టును పక్కకు తెచ్చి కూర్చోబెట్టుకుంది. రేపటి ఆఖరి మ్యాచ్ గెలిస్తే కప్పు, లేకపోతే లేదు. పైగా వచ్చే నెలలో క్లబ్బు సభ్యులు ఓట్లేసి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. కప్పు రాకపోతే ఆ తప్పు ఎవరో ఒకరి నెత్తిన రుద్దాలి కదా.

విలేకరులు ఎన్ని విధాల అడిగినా, ఒత్తిడేమీ లేదనీ, ఆకలీ నిద్రా మామూలుగానే ఉన్నాయనీ చెప్పాడు కోచ్. చెబుతున్నంతసేపూ మంచినీళ్ల సీసా మూత బిగిస్తూ, విప్పుతూ ఉన్నాడు.

తన గదికి వచ్చేసరికి బల్ల మీద అట్టపెట్టె ఉంది. దాని పక్కన బూట్ల బాబాయ్ నిలబడి ఉన్నాడు. జట్టు బూట్లూ జెర్సీలూ చూసుకునే పెద్దాయన. పాత కోచ్‌లను గేటు దాకా సాగనంపింది ఈయనే, ఈ పెట్టెతోనే. సామాను కారులో సర్దించి, పెట్టె మాత్రం వెనక్కి తెచ్చుకుంటాడు.

"ఇంకా మ్యాచ్ అవలేదు కదా, బాబాయ్."

"అయ్యాక ఆ గోలలో ఏదీ దొరకదు బాబూ. ముందున్నాయన ఈలలు ఇక్కడే మర్చిపోయాడు."

అందులో కాదనడానికేమీ కనిపించలేదు కోచ్‌కి. ఈలలు, స్వెటరు, చెప్పులు, టీ కాచుకునే కెటిల్, కూతురు చిన్నప్పుడు గీసిచ్చిన గోల్‌కీపర్ బొమ్మ పెట్టెలో పెట్టాడు. గోల్‌కీపర్‌కి మూడు చేతులున్నాయి. ఆ మూడో చెయ్యి ఈ నెలలో చాలాసార్లు గుర్తొచ్చింది.

ఇంట్లో భార్య అప్పటికే టీవీలో ఆ మాట విన్నది. గిన్నెలు ఇవాళే సర్దెయ్యాలా, రేపు ఆట అయ్యాక సర్దాలా అని అడిగింది. ఊళ్లు మారీ మారీ, గాజు గ్లాసులు పాత పేపర్లలో చుట్టడంలో ఆవిడ చెయ్యి తిరిగిపోయింది. కూతురు మాత్రం పళ్లెంలో అన్నం కెలుకుతూ కూర్చుంది.

"నాన్నా, పదో తరగతి ఈ స్కూల్లోనే అయిపోతుందన్నావు."

విలేకరులకు చెప్పిన జవాబుల్లో ఒక్కటీ ఇక్కడ పనికిరాలేదు. కోచ్ తల వంచుకుని భోజనం ముగించాడు.

మర్నాడు డ్రెస్సింగ్ రూములో ఆటగాళ్లకు బూట్ల లేసులు ముడిపడటం లేదు. పెట్టె సంగతి అందరికీ తెలిసిపోయింది. చివరికి కెప్టెన్ లేచి, మీరు వెళ్లిపోతున్నారా సార్ అని అడిగాడు.

"వెళ్తున్నాను. ఆయనకు ఆ నమ్మకం ఒకసారి కలిగిందంటే మనం గెలిచినా పోదు," అన్నాడు కోచ్. "కాబట్టి నా ఉద్యోగం మీరు మొయ్యక్కర్లేదు. బంతి సంగతి చూసుకోండి, చాలు."

ఏడాది పొడుగునా బోర్డు మీద బాణాలు గీసి గీసి విసిగించిన మనిషి నోట ఇంత చిన్న ఉపన్యాసం వాళ్లెప్పుడూ వినలేదు. తేలికపడి మైదానంలోకి దిగారు. విరామానికి ముందు ఒక గోల్, తర్వాత ఇంకో రెండు కొట్టారు. కోచ్ బెంచీ మీద కాలు మీద కాలేసుకుని చూశాడు. ఏం నిబ్బరమండీ ఈ మనిషిది అని టీవీలో వ్యాఖ్యాత మురిసిపోయాడు. సామాను సర్దుకున్నవాడి నిబ్బరమని పాపం ఆయనకు తెలియదు.

కప్పు చేతికందగానే అభిమానులు కోచ్‌ను భుజాల మీద మోసుకొచ్చి వేదిక ఎక్కించారు. అధ్యక్షుడు పరుగున వచ్చి వాటేసుకున్నాడు. ఎదురుగా క్లబ్బు సభ్యులందరూ కోచ్ పేరే అరుస్తున్నారు. అది చూసి అధ్యక్షుడు అతని చెవి దగ్గరికి వంగాడు.

"నిన్నటి మాట మర్చిపోవయ్యా. నిన్ను ఎవరూ కదిలించరు. నా గురించి కూడా ఒక్క మంచిమాట చెప్పు. వీళ్లిప్పుడు నువ్వు ఏది చెప్తే అది నమ్ముతారు."

కోచ్ మైకు అందుకున్నాడు. ముందు వరసలో భార్యా కూతురూ కనిపించారు. కూతురు రెండు చేతులూ ఊపుతోంది. జనం సద్దుమణిగేదాకా ఆగాడు.

"మా అధ్యక్షుడి మీద," అన్నాడు తాపీగా, "నాకు పూర్తి నమ్మకం ఉంది."

కోచ్ గదిలో కూర్చుని లౌడ్‌స్పీకర్లో ఆ మాట విన్న బూట్ల బాబాయ్, పెట్టెలోని సామానంతా తీసి మళ్లీ బల్ల మీద సర్దేసి, ఖాళీ పెట్టె చంకన పెట్టుకుని, మేడమీదున్న అధ్యక్షుడి గదికి మెట్లెక్కాడు.