గరుకు నేల

విశాఖలో ప్రతి ఇంటి నేలకీ జారుడు పూత వేశాక దుమ్ము అంటడం మానేసింది, ఊడ్చే పనీ పోయింది. కాకపోతే గ్రిప్పు బూట్లు లేకుండా ఎవరూ అడుగు వేయలేరు. కాలు విరిగిన సింహాచలానికి వాపు తగ్గక ఆ బూటు పట్టడం లేదు. ఉత్త కాళ్లతో నిలబెట్టిన ప్రతిసారీ జర్రున జారి భార్య కనకమ్మ మీద పడుతున్నాడు. మూడు నెలలుగా మంచమే గతి అయింది.

“ఒక్క గదిలో పూత తీయించండి బాబూ,” అని ఆమె అపార్ట్‌మెంటు సెక్రటరీని నాలుగోసారి అడిగింది.

“తీస్తే దుమ్ము చేరుతుందమ్మా. రూల్సు ఒప్పుకోవు.”

కనకమ్మకి ఒళ్లు మండిపోయింది. వడ్రంగి దగ్గర ఉప్పుకాగితం తెచ్చి, మంచం నుంచి వీధి తలుపుదాకా నేల మీది పూత పోయేలా రెండు రోజులు బరబరా రుద్దింది. అరచేతులు బొబ్బలెక్కాయి.

“ఊరుకోవే, ఇల్లు ఖాళీ చేయమంటారు,” అన్నాడు సింహాచలం.

“అననీ. నువ్వు లెగు మావా.”

అతను భయపడుతూనే పాదం ఆనించాడు. జారలేదు. రెండో పాదమూ నిలిచింది.

అంతలో, రెండు రోజులుగా ఆ రుద్దుడు చప్పుడు వింటున్న సెక్రటరీ వచ్చి తలుపు బాదాడు. కనకమ్మ కదల్లేదు.

“ఉండండి బాబూ,” అంది గట్టిగా. “మా ఆయన నడిచొచ్చి తీస్తాడు.”