ఆరు గంటల బోటు

"ఆలోచిస్తాం అంటే కుదరదు సార్. కాగితం మీద రాసి సంతకం పెట్టండి," అంది తులసమ్మ.

"లిఖ్ కే దో సాబ్," అని వెనక వరసలోంచి ఇంకెవరో వంత పాడారు.

ఈ దీవుల్లో బోట్లూ బస్సులూ నడిపే సంస్థకి డైరెక్టరుగా వచ్చి రాజేంద్రకి ఇది నాలుగో రోజు. జెట్టీ వెనక వీధిలో ఉన్న ఆఫీసు హాల్లో నీళ్ళకి అవతలి ఒడ్డునున్న హోప్ టౌన్ నుంచి రోజూ బోటు మీద వచ్చిపోయేవాళ్ళు నలభై మంది దాకా కూర్చున్నారు. ఎక్కువమంది తెలుగువాళ్ళే. కొత్త డైరెక్టరు కూడా మనవాడేనట అని సంబరపడి వచ్చారు. ఆ సంబరం పది నిమిషాలు కూడా నిలవలేదు. ఒకటో తారీఖు నుంచి ఆరు గంటల బోటు రద్దు, ఇక నాలుగున్నరదే ఆఖరు అని నోటీసు అంటించింది ఆ మనవాడే మరి.

"ఆ ట్రిప్పులో సగం సీట్లు ఖాళీ అమ్మా. డేటా అంతా చూశాను," అన్నాడు రాజేంద్ర లాప్‌టాప్ వాళ్ళవైపు తిప్పి. తెర మీద రంగురంగుల గీతలు కనిపించాయి.

తులసమ్మ ఆ గీతల వంక ఓసారి చూసింది. "మిగతా సగంలో కూర్చునేది మేమే సార్. నాకు ఆసుపత్రిలో ఛుట్టీ ఇచ్చేదే ఐదున్నరకి, ఇవాళంటే అడిగి ముందే వచ్చాను. నాలుగున్నర బోటు ఎక్కాలంటే పేషెంటుకి సగం ఒళ్ళు తుడిచి, మిగతాది రేపొచ్చి తుడుస్తానని చెప్పి రావాలి."

హాలంతా నవ్వింది. రాజేంద్ర నవ్వలేదు.

"రోడ్డు ఉంది కదా."

"ఉంది. చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆటో ఎక్కితే నా జీతం నేరుగా ఆటోవాడికే ఇచ్చెయ్యమని ఆసుపత్రి వాళ్ళకి చెప్పుకోవాలి. బోటు పోతే నా ఉద్యోగం పోయినట్టే సార్."

బట్టల కొట్లో పనిచేసే కళ లేచింది. "కొత్తగా ఎవరొచ్చినా మీకేం కావాలని అడుగుతారు. మేం ఏసీ అడగలేదు, యాప్ అడగలేదు. ఉన్న బోటు ఉంచండి, అంతే చాలు. రాసిచ్చేదాకా కదలం."

అప్పుడు పెద్ద గుమాస్తా చలపతి ఫైలు అందిస్తున్నట్టు వంగి డైరెక్టరు చెవిలో చెప్పాడు. "కంగారు పడకండి సార్. ఐదూ యాభైకి బోటు హారన్ కొడుతుంది. రెండు నిమిషాల్లో హాలు ఖాళీ. ఆఖరి బోటు పోతే వీళ్ళకి దిక్కు లేదు. మీకు ముందు పనిచేసిన ముగ్గురు డైరెక్టర్లని ఇలాగే గట్టెక్కించాను."

చలపతి ఇరవై రెండేళ్ళుగా బోట్ల సెక్షన్లోనే ఉన్నాడు. నీళ్ళు చూస్తే కళ్ళు తిరుగుతాయని ఒక్కసారీ బోటెక్కలేదు. ఆ సెక్షన్లో అదొక లోటని ఎవరికీ తోచలేదు.

రాజేంద్ర గోడ గడియారం చూశాడు. ఐదూ ఇరవై. ప్రాణం లేచొచ్చింది. కుర్చీలో వెనక్కి వాలాడు. "ఇంకెవరైనా మాట్లాడతారా? మొహమాటపడకండి. అందరి మాటా వింటాను."

వెనకనుంచి లుంగీ కట్టుకున్న ముసలాయన మెల్లగా లేచాడు. "నా పేరు నూకన్న బాబూ. మాది ఆ ఒడ్డే. నాను మాటాడితే కాస్త టైము పడతాది, పర్లేదా?"

"ఎంతసేపైనా పర్లేదు తాతా," అన్నాడు రాజేంద్ర, నిజంగా మనస్ఫూర్తిగా.

నూకన్న గాలితో మొదలుపెట్టాడు. వానల్లో గాలి ఎటునుంచి కొడతాదో చెప్పాడు. ఎండల్లో ఎటునుంచో చెప్పాడు. మధ్యలో దగ్గొస్తే డైరెక్టరే టీ తెప్పించాడు. నూకన్న ఆ టీని ఊదుకుంటూ అలల దగ్గరికొచ్చాడు. ఇంత మంచి వక్త ఈ దీవుల్లో దొరుకుతాడని రాజేంద్ర అనుకోలేదు. చలపతి మీసంలో నవ్వుకున్నాడు.

ఐదూ యాభై అయింది. బయట చీకటి పడింది. హారన్ వినపడలేదు.

"గాలి అటు తిరిగుంటుంది సార్," అన్నాడు చలపతి చెవి రిక్కించి.

ఆరయింది. ఒక్కరూ గడియారం వంక చూడలేదు. కళ సంచిలోంచి ఉడికించిన వేరుశనక్కాయలు తీసి, వరసంతా అందించింది. రాజేంద్ర ఫోను మోగింది, ఆగింది, మళ్ళీ మోగింది. ఆరున్నరకి పై అధికారి ఇంట్లో విందు. భార్య చీర కట్టుకుని సిద్ధంగా ఉంది.

"ఇంక అసలు సంగతికి వస్తన్నాను బాబూ," అన్నాడు నూకన్న.

ఆరూ పావుకి రాజేంద్ర ఓపిక అయిపోయింది. లాప్‌టాప్ మూసేసి లేచాడు. "చూడండమ్మా, మీ మంచికే చెప్తున్నాను. మీటింగు పేరు చెప్పి ఆఖరి బోటు పోగొట్టుకున్నారు. ఇప్పుడు ఇళ్ళకి ఎలా వెళ్తారు?"

తులసమ్మ కాయ ఒలుచుకుంటూనే అంది. "బోటు వెళ్ళలేదు సార్. మీరు కూర్చోండి, రాయండి."

"ఇక్కడే కూర్చుని ఉన్నారు, మీకెలా తెలుసు?"

"తెలీకపోతే అడుగుదాం, దానికేముంది." తులసమ్మ వెనక్కి తిరిగింది. "మావయ్యా, మన బోటు వెళ్ళిపోయిందంటన్నారు డైరెక్టరుగారు. నిజమేనా?"

నూకన్న ఖాళీ గ్లాసు కింద పెట్టి మూతి తుడుచుకున్నాడు.

"నానిక్కడ కూకుంటే, బోటు ఎవుడు నడుపుతాడే?"