మోకాళ్లకు కండ్లు

"ఇంకో తొండం పెట్టప్పా. నాలుగు సాలవు," అన్నాడు మునిరత్నం.

కుప్పంలో తన సైకిల్ షాపు నేల మీద ముక్తియార్ సుద్దముక్కతో రాక్షసికి ఐదో తొండం గీశాడు. ఆట అతను కల్పించిందే. రాక్షసి అతనిది. ఎదుటివాడు గవ్వలు వేసి దాన్ని చంపాలి. అన్నీ వెల్లకిలా పడితే చచ్చినట్టు.

"మోకాళ్లకు కండ్లు పెట్టు. మాయన్నను తొక్కేటప్పుడు ఆ ఏనుగు కిందికి సూడనే లేదు."

పోయిన రాగి కోతలప్పుడు రామకుప్పంలో, చేని కావలికి పోయిన మునిరత్నం అన్న మళ్లీ ఇంటికి రాలేదు.

మునిరత్నం కసిగా విసిరాడు. గవ్వలన్నీ వెల్లకిలా పడ్డాయి.

"సచ్చిపాయ," అన్నాడు ముక్తియార్.

"ఇంకా పొడుస్తా!"

ముక్తియార్ రాక్షసి పక్కనే ఒక చిన్న బొమ్మ గీశాడు. దానికీ ఐదు తొండాలు, మోకాళ్లకు కండ్లు.

"ఇదేంది?"

"దాని బిడ్డ. పొదల్లో నుంచి అంతా సూస్తానే ఉండాది."

"దీన్నీ సంపుతా!" మునిరత్నం గవ్వలు గుప్పిట్లోకి ఏరుకున్నాడు.

"నీ వంతు అయిపాయ రత్నం. మీయన్న కోసం నువ్వేసినావు. వాళ్లమ్మ కోసం ఇప్పుడు అది ఎయ్యాల." ముక్తియార్ చెయ్యి చాపాడు. "గవ్వలియ్యి."

తను పెట్టమన్న కండ్లే కింది నుంచి తననే చూస్తున్నాయి.

మునిరత్నం గుప్పిట తెరవలేదు.