సింకు దగ్గర తీర్మానం

“ఆ సీసా మూత తీశారంటే, సీసాతో సహా మెట్లు దిగుతారు,” అంది ఆమె.

అపార్టుమెంటు సంఘం కార్యదర్శి ఆసిడ్ సీసాను చంటిబిడ్డలా గుండెలకు హత్తుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. సింకులో జిడ్డునీళ్లు కదలకుండా నిలబడి ఉన్నాయి. వాటికి ఇటు ఆమె, అటు సంఘం అధ్యక్షుడు.

“చూడండి మేడమ్,” అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. “ఇది కాపురాలుండే చోటు. మీరు భోజనాల వ్యాపారం పెట్టారు. మీ నూనెతో గొట్టం పూడింది. ఇవాళ మీ సింకు, రేపు బిల్డింగంతా. ఈరోజుతో వంట ఆపేయాలి. ఇది సంఘం తీర్మానం.”

“సంఘానిదా, మీదా?”

కార్యదర్శి గోడ గడియారం వంక చూశాడు. అది ఎప్పుడో ఆగిపోయింది. తీర్మానం మీద సంతకం పెట్టిన చేతుల్లో సగం, మధ్యాహ్నమైతే ఆమె పంపిన డబ్బా మూత తీసేవే.

“ఆసిడ్ పోస్తే క్షణంలో తేలిపోతుంది మేడమ్,” అని నసిగాడు.

“పాత గొట్టం. అతుకులు తినేస్తుంది. అప్పుడు గోడ పగలగొట్టాలి, నా పొయ్యి ఆరిపోవాలి. అదేగా కావలసింది?”

“ఈ వయసులో ఎందుకండీ మీకీ తిప్పలు? హాయిగా ఇంట్లో కూర్చోక!” అన్నాడు అధ్యక్షుడు.

“కూర్చున్నాను. కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. ఇప్పుడిప్పుడే నిలబడ్డాను.”

ఈ వంటతో వచ్చేదే ఆమె అద్దె. పొయ్యి ఆరితే ఈ చిన్న వాటా ఖాళీ చేయాలి. చేసి ఎక్కడికి వెళ్లవలసి వస్తుందో ఆమెకు బాగా తెలుసు. వెళ్లదలచుకోలేదు.

“నీళ్లు దిగితే?” అంది.

“దిగవు.”

“దిగితే?”

“దిగితే... మీ ఇష్టం.”

“కార్యదర్శిగారూ, విన్నారుగా.”

నిలిచిన నీటిని చెంబుతో బకెట్లోకి తోడింది. సింకు కింద వంపు గొట్టం మర విప్పి, అందులో గడ్డకట్టిన జిడ్డును పుల్లతో లాగి, మళ్లీ బిగించింది. పైనుంచి వంటసోడా గుమ్మరించి, వెనకే వెనిగర్ పోసి, తడిగుడ్డ కప్పింది. గుడ్డ కింద బుసబుస మొదలైంది.

“పొంగుతోంది సార్!” కార్యదర్శి సరదాపడ్డాడు. అధ్యక్షుడి చూపు తగలగానే సరదాను మింగేశాడు.

“వంటింటి చిట్కాలు!” అన్నాడు అధ్యక్షుడు. “గొట్టాల సంగతి ఇంజనీరుకి తెలుస్తుంది.”

“మీరూ ఇంజనీరే కదా అధ్యక్షులవారూ. మీ ఇంట్లో సింకు కిటికీ పక్కనుందా, గుమ్మం పక్కనుందా?”

అధ్యక్షుడు ఒకసారి కిటికీ వంక, ఒకసారి గుమ్మం వంక చూశాడు. కార్యదర్శికి దగ్గు తెర వచ్చింది.

ఆమె తొందరపడలేదు. బుసలు చల్లారేదాకా చేతులు కట్టుకుని నిలబడి, అప్పుడు వేడినీళ్ల గిన్నె అందుకుంది. మరిగే నీళ్లు కావు. అవైతే ప్లాస్టిక్ గొట్టం మెత్తబడుతుంది. సన్నధారగా పోసింది. సింకు ఒక్కసారి గుటక వేసింది. ఆపైన నీళ్లు సుడి తిరిగి, గరగరమంటూ దిగిపోయాయి. కుళాయి పూర్తిగా తిప్పి వదిలేసింది. చుక్క నిలవలేదు.

“దిగాయి సార్!” అనేశాడు కార్యదర్శి. ఆ వెంటనే, “రేపు నా డబ్బా మామూలేగా మేడమ్?”

“మామూలే. ఆ సీసా మాత్రం పట్టుకెళ్లండి.”

అతను బతుకుజీవుడా అని మెట్లు దిగాడు. అధ్యక్షుడు మాత్రం గుమ్మం దాటి ఆగిపోయాడు. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది.

“ఇంకేమైనా తీర్మానం మిగిలిందా?”

మెట్లమీద అడుగుల చప్పుడు పూర్తిగా సద్దుమణిగేదాకా అతను తల ఎత్తలేదు.

“మరి ఇంటికెప్పుడొస్తావే?” అన్నాడు ఆమె భర్త.