సగం డబ్బా పౌడర్

"పౌడర్ పూసుకున్నవా, పెద్దమ్మా?" తెర మీది ఫొటో చూస్తూ అడిగింది మిర్యాలగూడ దవాఖాన డాక్టరమ్మ. రొమ్ముకు తీసిన ఎక్స్‌రే ఫొటో నిండా తెల్లటి చుక్కలు.

వీరమ్మ కోడలి వైపు చూడకుండా, "నేనే పూసుకున్న" అంది.

పూసింది కోడలు కరుణ. ఉచిత పరీక్షకని పొలం నుంచి నేరుగా వచ్చిన అత్త దగ్గర చెమట వాసన వస్తే డాక్టర్ ముందు పరువు పోతుందని, చంకల్లో, రొమ్ముల మీద సగం డబ్బా గుమ్మరించింది. నేరేడుచర్ల నుంచి వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరి మధ్య సంచి కూడా పెట్టింది.

"పౌడర్ గూడ ఫొటోల రోగం లెక్కనే కనిపిస్తది. కడుక్కొని రా, మళ్ల తీస్తం."

రెండో ఫొటోలో చుక్కలన్నీ పోయాయి. ఎడమ రొమ్ములో ఒక్కచోట మాత్రం చిటికెడు నూకల్లా మిగిలాయి.

"గాడ సరిగ కడగలే, అత్తమ్మా" అంది కరుణ.

"అది పౌడర్ కాదమ్మా, లోపలిది" అంది డాక్టరమ్మ. "కొన్ని క్యాన్సర్లు గడ్డ కాకముందు గిట్లనే కనిపిస్తయి. అదో కాదో ముక్క తీసి చూడాలె."

"చేతికేం తగుల్తలేదు గదా" అంది వీరమ్మ.

"తగలకముందే దొరకాలనే ఈ ఫొటో."

తిరుగు ఆటోలో వీరమ్మ సీటు చివరకు జరిగి కూర్చుంది. "కడుక్కున్నంక పౌడర్ పూయలే గదా, బిడ్డా. వాసనొస్తదేమో. నడుమ సంచి పెట్టుకో."

"సంచిల ఫొటో ఉన్నది. నలుగుతది" అంటూ కరుణ సంచిని ఒళ్లో పెట్టుకుని, అత్తకు ఆనుకుని కూర్చుంది.