పేరులేని కుండ

అడవిలో ఇప్పపూల సారా కాచేది ఎలుగుబంట్లే. ఒక ఏడు సుంకులమ్మ అనే ఏదుపంది నేరేడుపళ్ళు పులియబెట్టి, కుండ మీద 'సారా' అని రాసి అమ్మకానికి పెట్టింది. ఒకసారి తాగినవాళ్ళు మళ్ళీ అక్కడికే వెళ్ళారు.

ఎలుగుల పెద్ద గురవయ్యకు ఒళ్ళు మండింది.

"ఇప్పపువ్వు పడనిది సారా ఎట్లా అవుతుంది? ఆ పేరుతో అమ్మావంటే కుండ పగలగొడతా!" అన్నాడు.

"సరే మామా, చెరిపేస్తాలే," అంది సుంకులమ్మ.

మర్నాటి నుంచి జంతువులన్నీ "ఆ పేరులేనిది పొయ్యి" అంటూ ఎగబడ్డాయి. గురవయ్య దగ్గరికి ఈగ కూడా రాలేదు.

వారం తిరక్కుండానే గురవయ్య పంచాయితీ పెట్టించాడు.

"పేరు లేకుండా అమ్మడం మా తాతలనాటి ఆచారం. ఇంకెవరూ అట్లా అమ్మడానికి వీల్లేదు!"

"మరి నా కుండ మీద ఏం రాసుకోను మామా?" అంది సుంకులమ్మ.

గురవయ్య విసుక్కున్నాడు.

"సారా అని రాసుకో, పో!"